ఊరు వెలేస్తే: పెద్దమనుషుల పంచాయితీనా, పోలీసు కేసా?

డప్పు కొట్టనన్నందుకో, కులాంతర పెండ్లి చేసుకున్నందుకో పాలమూరు, నల్లగొండ పల్లెల్ల ఇంటిని వెలేసుడు ఇంకా బందు కాలేదు. బియ్యం బస్తాలు కండ్ల ముందే ఉన్నా కిరాణం కొట్టాయన "లేవు పో" అంటడు. నాట్లకు పిలుపు రాదు. అప్పుడు ఎటు పోవాలె?

ఖర్చు: పంచాయితీకి ముందే డిపాజిట్ అడుగుతరు, మీద జరిమానా. కేసుకు ఫీజు లేదు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తది.

టైం: పంచాయితీ ఒక్క పొద్దుల తేలొచ్చు. కేసుకు ఏండ్లు. 2018ల జరిగిన మిర్యాలగూడ పరువు హత్యకు నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చిల వచ్చింది.

బలం: అసలు తేడా ఇక్కడే. పంచాయితీల కూసునేది చానాసార్లు వెలేసినోళ్ల చుట్టాలే. రేపు మాట తప్పితే అడిగే దిక్కుండదు. ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను ఆపే 1989 నాటి అట్రాసిటీ చట్టంల 2015 సవరణ తర్వాత వాళ్లను సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమని స్పష్టంగ రాసి ఉన్నది. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలె. కాకపోతే వెలేసినోళ్లు కూడా ఎస్సీలో ఎస్టీలో అయితే ఈ చట్టం పడదు, మామూలు ఫిర్యాదే దారి.

ముప్పు: కేసు పెడితే ఊర్ల పగ పెరుగుతది, అది నిజమే. పంచాయితీకి తలొగ్గితే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టయితది.

గెట్టు తగాదా, మాట పట్టింపు అయితే పెద్దమనుషులు చాలు. కులం పేరుతో తిట్టినా, కొట్టినా, కూలి, నీళ్లు బందు పెట్టినా నేరుగా ఠాణాకే పోవాలె, ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి తీసుకోవాలె.