లైనౌట్‌లో ఏడుగురు మేలా, నలుగురు మేలా?

నల్లగొండలో నా దగ్గర రగ్బీ నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది కబడ్డీ నుంచో, వాలీబాల్ నుంచో వచ్చినవాళ్లే. పట్టు ఒకటి నేర్పింది, ఎగరడం రెండోది నేర్పింది. బంతి మైదానం పక్క గీత, అంటే టచ్‌లైన్ దాటి బయటికి పోతే, దాన్ని లోపలికి విసిరినప్పుడు అందుకోవడానికి రెండు జట్లూ వరుసలు కట్టడమే లైనౌట్. దానికి ఈ రెండూ కావాలి. అయినా టీవీలో దక్షిణాఫ్రికా ఆట చూసి వచ్చిన ప్రతివాడూ వరుసలో ఏడుగురిని నిలబెడదామంటాడు. ఆరున్నర అడుగుల లాక్‌లు (బంతి కోసం ఎగిరే పొడుగువాళ్లు) ఉన్న జట్టుకు ఆ ముచ్చట చెల్లుతుంది. మన జట్టులో ఆరడుగులవాడు దొరికితే గొప్ప.

ముందు నిబంధన చూద్దాం. టచ్‌లైన్ నుంచి ఐదు మీటర్ల గీతకూ పదిహేను మీటర్ల గీతకూ మధ్య రెండు జట్లూ మీటరు ఎడంతో వరుస కడతాయి. కనీసం ఇద్దరేసి ఉండాలి. బంతి ఆ ఎడం మీదుగా సూటిగా, ఐదు మీటర్లు దాటేలా పడాలి. వరుసలో ఎంతమంది ఉండాలో విసిరే జట్టే నిర్ణయిస్తుంది. ఎదుటివాళ్లు అంతకన్నా తక్కువమందిని పెట్టుకోవచ్చు గానీ ఒక్కరిని కూడా ఎక్కువ పెట్టకూడదు. పొడుగువాళ్లు లేని జట్టుకు ఇంతకన్నా పెద్ద వరం ఏముంటుంది? దాన్ని వాడుకోకుండా ఏడుగురితో నిలబడితే, వాళ్ల పొడుగువాళ్లందరినీ మనమే వరుసలోకి పిలిచినట్టు.

నలుగురితో కడితే అదే పది మీటర్ల జాగాలో ఖాళీ పెరుగుతుంది. మనవాళ్లు ముందుకు రెండడుగులు వేసి, చటుక్కున వెనక్కి తగ్గి ఎగరవచ్చు. ఎత్తుతో కాకుండా కాళ్ల వేగంతో గెలిచే పోటీ ఇది. మిగిలిన ముగ్గురు ఫార్వర్డ్‌లు (ముందు వరుసల్లో ఆడేవాళ్లు) పది మీటర్లు వెనక్కి పోయి నిలబడాలి. ఎదుటి జట్టు వరుస తగ్గించినా అంతే. వాళ్ల బరువైన మనుషులు అలా బయటి మైదానంలోకి వస్తే మన చురుకైన పిల్లలకు పండగే.

బంతి కోసం ఎగిరేవాణ్ని ఎత్తేటప్పుడు జాగ్రత్త అవసరం. ముందున్నవాడు తొడలు పట్టుకోవాలి, వెనకున్నవాడు నిక్కరు గుడ్డ పట్టుకోవాలి, అంతకు కిందికి చేతులు పోకూడదు. బంతి అందాక, వాడి కాళ్లు నేలకు ఆనేదాకా వదలకూడదు. వేసవిలో మన చెల్క నేలలు ఎంత గట్టిపడతాయో చెప్పనక్కరలేదు. ఎత్తడం బాగా కుదిరినవాళ్లు ముగ్గురే ఉంటే ఆ ముగ్గురినే వాడుకోవాలి. ఏడుగురి వరుస కోసం కుదరనివాళ్ల చేత ఎత్తించడం ప్రమాదం.

అలాగని ఏడుగురి వరుసను తీసిపారేయలేం. ఎదుటివాళ్ల గోల్‌లైన్‌కు ఐదు మీటర్ల దూరంలో లైనౌట్ దొరికితే నా ఓటు దానికే. బంతి దిగగానే మౌల్ కట్టి, అంటే బంతి పట్టినవాడి చుట్టూ గుంపుగా అల్లుకుని, తోసుకుంటూ పోవాలి. నడుము వంచి ఆడే కబడ్డీ పిల్లలు అందులో బాగా రాణిస్తారు. అయితే పాత అలవాటుతో చీలమండ పట్టి లాగితే మాత్రం మౌల్ కూలుతుంది, పెనాల్టీ పడుతుంది. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే నాకు ఎక్కువ కాలం పడుతోంది.

ఇక బంతి ఎక్కడ పడాలి? ముందువాడికి విసరడం అన్నిటికన్నా తేలిక, కానీ టచ్‌లైన్ పక్కనే ఇరుక్కుపోతాం. 2015 ప్రపంచకప్‌లో వేల్స్ మీద ఇంగ్లండ్ చేసింది అదే. మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, ఆట చివర్లో పెనాల్టీ వచ్చింది. గోల్‌కు కొడితే స్కోరు సమమయ్యేది. కెప్టెన్ రాబ్‌షా లైనౌట్ కోరాడు, బంతి ముందువైపే వేశారు, వేల్స్ వాళ్లు అందరినీ కలిపి టచ్‌లోకి (గీత బయటికి) నెట్టేశారు. 28–25తో వేల్స్ గెలిచింది. వెనకవైపు విసిరితే ఏమవుతుందో 2011 ఫైనల్లో న్యూజిలాండ్ చూపించింది. కైనో బంతిని అందుకుని కిందికి జారవిడిచాడు, మధ్యలో తెరుచుకున్న సందులోంచి ప్రాప్ స్థానంలో ఆడే వుడ్‌కాక్ దూసుకెళ్లి ట్రై చేశాడు (గోల్‌లైన్ అవతల బంతిని నేలకు ఆనించాడు). ఆ మ్యాచ్ 8–7తో న్యూజిలాండ్ గెలిచింది. చూడటానికి అద్భుతమే, కానీ అంత దూరం సూటిగా విసరగల హుకర్ (లైనౌట్‌లో బంతి విసిరేవాడు) ఉండాలి. అందుకే మన స్థాయికి మధ్యలోకి విసరడమే మంచిది.

వరుస కట్టకముందే గబుక్కున విసిరేసే క్విక్ త్రో మూడో దారి. దానికి అదే బంతి కావాలి, బయట ఇంకెవరి చెయ్యీ తగలకూడదు. మన మైదానాల్లో గీత పక్కన నిలబడ్డ చిన్నపిల్లలు బంతిని ఆపి ఎంతో ప్రేమగా అందిస్తారు. దాంతో ఆ అవకాశం పోయినట్టే.

సంకేతాలకు ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం. ‘మ’తో మొదలైతే ముందుకు, ‘న’ అయితే మధ్యకు, ‘ద’ అయితే వెనక్కి. మిర్యాలగూడ, నకిరేకల్, దేవరకొండ. బయటి రాష్ట్రాల జట్లకు అంతుపట్టదు గానీ సూర్యాపేట పిల్లలు నాలుగు త్రోల్లో పసిగడతారు, వాళ్లతో ఆడేటప్పుడు అంకెలే గతి.

ఏడుగురితో కట్టినా నలుగురితో కట్టినా, ఎదుటివాళ్లూ ఎగిరి పోటీపడినప్పుడు బంతి పక్కకు పోతే ఆ జట్టు తనకు స్క్రమ్ (ఫార్వర్డ్‌లు ఒకరినొకరు పెనవేసుకుని తోసుకునే పోటీ) కావాలో లైనౌట్ కావాలో కోరుకుంటుంది. కాబట్టి హుకర్‌ను ఎంచుకునేటప్పుడు కండలు చూడకండి. గోడ మీద సుద్దముక్కతో నిలువు గీత గీసి, ఎనిమిది మీటర్ల నుంచి దాన్ని మాటిమాటికీ కొట్టగలిగేవాడు ఎవరో చూడండి.