ఇంటి వీడియోలకు కదలిక: ఆఫ్టర్ ఎఫెక్ట్సా, డావించీ రిజాల్వా?

అన్నప్రాశన వీడియోలో పాప పేరు జారుతూ రావాలి, షష్టిపూర్తి వీడియోలో పాత పెళ్లి ఫొటో మెల్లగా దగ్గరికి రావాలి. ఇందుకు ఏది నేర్చుకోవాలని అడిగేవారు ఎక్కువగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావించీ రిజాల్వ్ అనే రెండు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ల మధ్యే తేల్చుకోలేకపోతున్నారు.

నేర్చుకోవడంలో సులువు అంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌దే పైచేయి. 1993 నుంచి ఉన్నది కాబట్టి ఏ సందేహానికైనా ఎవరో ఒకరు పాఠం చేసిపెట్టే ఉంటారు. పైగా అంతా పొరల పద్ధతి: కింద వీడియో, దానిపై ఫొటో, అన్నిటికన్నా పైన పేరు. పేరు బయలుదేరే చోట ఒక కీఫ్రేము (ఈ క్షణానికి ఇది ఇక్కడ ఉండాలని చెప్పే గుర్తు), ఆగే చోట ఇంకొకటి పెట్టి, రెండింటినీ ఎంచుకుని ఎఫ్9 నొక్కితే కదలిక నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగుతుంది. చూడముచ్చటగా ఉండే టైటిల్‌కు సగం బలం అక్కడే ఉంది.

రిజాల్వ్‌లో ఈ పనులకు ఉన్న ఫ్యూజన్ విభాగం (2018లో వచ్చిన 15వ వెర్షన్‌తో చేరింది) నోడ్‌ల పద్ధతిలో, అంటే తీగలతో కలిపే చిన్న డబ్బాలతో నడుస్తుంది. వీడియో ఒక డబ్బా, అక్షరాలు ఒక డబ్బా, రెంటినీ కలిపే మెర్జ్ మరో డబ్బా. అక్షరాల తీగను మెర్జ్‌లో ఆకుపచ్చ ముక్కుకే తగిలించాలి. తారుమారైతే పేరు వీడియో వెనక్కి పోయి కనిపించదు. కొత్తవారు బెదిరిపోయేది ఇక్కడే.

అయినా నా ఓటు రిజాల్వ్‌కే. ఇంటి వీడియో రోజూ చేసే పని కాదు. ఒక పండుగకు చేస్తాం, మళ్లీ నాలుగు నెలల దాకా ఆ వైపు చూడం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అద్దె సరుకు: వాడని నెలలకూ డబ్బు కట్టాలి, లేదా ఆపేయాలి. ఆపేస్తే అన్నప్రాశనకు చేసుకున్న టైటిల్‌ను పుట్టినరోజుకు పేరు మార్చి వాడుకుందామన్నా, మళ్లీ కట్టేదాకా ఆ ఫైలు తెరుచుకోదు. రోజూ సంపాదించేవారికి అది ఖర్చులో ఖర్చు, మనకు దండుగ. రిజాల్వ్ ఉచిత వెర్షన్ 3840×2160 దాకా వీడియో ఇస్తుంది, తన ముద్ర (వాటర్‌మార్క్) వేయదు. డబ్బు కట్టే వెర్షన్‌కు మాత్రమే చెందిన ఎఫెక్టు వాడితే మాత్రం ముద్ర పడుతుంది.

నిజానికి ఫ్యూజన్ జోలికి పోకుండానే మన పనులు చాలావరకు అయిపోతాయి. ఎడిట్ పేజీలో ఫొటోను ఎంచుకుంటే కుడివైపు ఇన్‌స్పెక్టర్ అనే అమరికల పట్టీ వస్తుంది. జూమ్ పక్కనున్న చిన్న వజ్రం గుర్తు నొక్కి మొదట్లో 1.00, ఐదో సెకను దగ్గర 1.10 పెట్టండి. అంతకు మించితే ఫొటో మీద పడుతున్నట్టు ఉంటుంది. పరుగెత్తే పిల్లవాడి తలపై పేరు అతుక్కుని కదలాలి అనుకున్నప్పుడు ఫ్యూజన్‌లో ట్రాకర్ నేర్చుకుంటే చాలు.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోకపోతే వత్తులు చెదిరేవి. రిజాల్వ్‌లో అక్షరాలు విరిగితే వాటితో కుస్తీ పట్టకండి: పేరును ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, వెనుక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా తీసి, ఫొటోలాగే కదిలించండి. అక్షరం అక్షరంగా ఎగిరి రావడం కుదరదు గానీ, గుణింతాలూ వత్తులూ విడివిడిగా ఎగిరితే ఎలాగూ బాగుండదు.

రిజాల్వ్‌కు మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ మెమరీ ఉండాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కూడా అంతే అడుగుతుంది. అంత కంప్యూటర్ లేనివారికి ఫోనులో అలైట్ మోషన్ యాప్ ఉంది, కీఫ్రేములూ ఉన్నాయి. మ్యాక్ ఉంటే యాపిల్ మోషన్ చూడవచ్చు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ గొప్పదే గానీ ఈ పనికి కాదు.

ఒక్క జాగ్రత్త: రిజాల్వ్ మీ పనిని మామూలు ఫైలుగా కాక తన డేటాబేస్‌లో దాస్తుంది. వీడియో పూర్తవగానే ప్రాజెక్టు ఆర్కైవ్ (వాడిన వీడియోలూ ఫొటోలతో సహా మొత్తం పని నకలు) ఒకటి తీసి హార్డ్ డిస్కులో పెట్టుకోండి. పెళ్లిళ్ల వీడియోలు చేసి సంపాదించాలనే ఆలోచన ఉంటే మాత్రం నేరుగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కే వెళ్లండి, అద్దె గిట్టుబాటవుతుంది.