బాల్సా చెక్క విమానం కిట్: నా అనుభవం

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ రిమోట్ విమానం కిట్‌ను అమలాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇరవై రోజుల్లో అతికించాను. చెక్క ముక్కల కోత ఎంత శుభ్రంగా ఉందంటే, ఉప్పుకాగితంతో పెద్దగా పని పడలేదు. బాల్సా తేమను పీల్చుకుంటుంది కనుక, మన కోనసీమ గాలికి రెక్క వంకర తిరగకుండా పైపొరను వెంటనే అతికించడం మంచిది.

అసలు లోపం డిసెంబరులో, సార్వా కోతలయిన చేలో ఎగరేసినప్పుడు బయటపడింది. ఆరో నిమిషంలో మోటారు శబ్దం తెగి తెగి వినిపించసాగింది. ఎదురుగా కొబ్బరితోట, పక్కన కాలువ. మోటారు పూర్తిగా ఆగిపోయాక దిగక తప్పకపోవడం వేరు, అది ఇంకా తిరుగుతుండగానే మనమే చోటు ఎంచుకుని దింపడం వేరు. నేను చేసింది రెండోది. ఎదురుగాలికి తిప్పి నెమ్మదిగానే దింపాను గాని, చిన్న చక్రాలు వరి దుబ్బులకు తట్టుకోవడంతో విమానం ముక్కు మీద పడి, ప్రొపెల్లర్ విరిగి, మోటారు బిగించిన పలక ఊడిపోయింది.

విప్పి చూస్తే బ్యాటరీలో ఛార్జింగ్ చాలినంత ఉంది. కిట్‌తో వచ్చిన, మోటారు వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్ తీగకు సోల్డరింగ్ సరిగా అతకలేదు. వేలితో కదపగానే చేతికొచ్చింది. ఫొటోలు పంపినా, తప్పు నడిపినవారిదేనని దుకాణంవారు తేల్చేశారు. చెక్కపనికి నాలుగు నక్షత్రాలు, విద్యుత్ సామగ్రికి ఒకటి. కొనేవారు ప్రతి అతుకునూ ముందే లాగి చూసుకుని, పెద్ద చక్రాలు విడిగా తెప్పించుకోవాలి.