డబ్ల్యూహెచ్‌ఓ పేరెంట్స్ కోర్సు, దాంతోపాటు మాకు పనికొచ్చిన ఇంకొన్ని: ఒక అమ్మ రివ్యూ

పిల్లాడి ఎదుగుదలలో తేడా ఉందని తెలిసాక ఎవరైనా చేసే మొదటి పని రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని వెతకడమే. ఎంత వెతికినా దొరికేది ఒకటే రకం, ఆటిజం అంటే ఏంటి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాకపోవడం) ఎందుకొస్తుంది, డౌన్ సిండ్రోమ్ లక్షణాలేంటి. లక్షణాలు మన కళ్ళ ముందే తిరుగుతున్నాయి కదండీ, మనకి కావాల్సింది రేపు పొద్దున వాడికి చొక్కా ఎలా తొడగాలి, టీవీ కట్టేస్తే నేల మీద పడి ఏడుస్తుంటే ఏం చెయ్యాలి, మాటలు రాని పిల్లతో మాట్లాడటం ఎలా మొదలుపెట్టాలి అని. నేను ఏ పుస్తకాన్నైనా ఏ కోర్సునైనా చూసేది ఈ ఒక్క లెక్కతోనే, చదివాక రేపు పొద్దున నేను చెయ్యగలిగే పని ఒక్కటైనా దొరికిందా లేదా. ఈ లెక్కలో అన్నిటికంటే ముందు నిలబడింది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్, అందుకే ఈ రివ్యూ ముఖ్యంగా దాని గురించే, అది అందుకోలేని చోట మిగతా వాటి గురించి.

ముందు ఇది ఏంటో చెప్తాను. 2 నుంచి 9 ఏళ్ళ మధ్య ఉండి ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం చేసిన ట్రైనింగ్ ఇది. అసలు రూపంలో అయితే పేరెంట్స్‌ని గ్రూపుగా కూర్చోబెట్టి 9 సెషన్లు చెప్తారు, మధ్యలో 3 సార్లు ఇంటికి వచ్చి చూస్తారు, చెప్పేవాళ్ళు స్పెషలిస్టులే అయ్యుండక్కర్లేదు, హెల్త్ వర్కర్లు, టీచర్లు, వేరే పేరెంట్స్ కూడా ట్రైనింగ్ తీసుకుని చెప్పొచ్చు. 30కి పైగా దేశాల్లో వాడారు. 2022లో దీన్నే ఇంట్లో కూర్చుని మన వీలుని బట్టి చూసుకునే ఆన్‌లైన్ కోర్సుగా కూడా పెట్టారు, ఉచితంగా. గ్రూపులో ఇచ్చే పార్టిసిపెంట్ గైడ్ పీడీఎఫ్ కూడా ఉచితమే, నేను కోర్సు కంటే దాన్నే ఎక్కువ తిరగేశాను. నాకు బాగా నచ్చిందేంటంటే రోగనిర్ధారణ కాగితం చేతిలో ఉండాలన్న షరతు లేదు. రిపోర్ట్ కోసం, అపాయింట్‌మెంట్ కోసం నెలలు నెలలు ఎదురుచూస్తున్న వాళ్ళు ఆ ఖాళీలో ఊరికే కూర్చోకుండా మొదలుపెట్టేయొచ్చు, ఆ ఎదురుచూపు ఎంత నరకమో తెలిసిన వాళ్ళకే దీని విలువ తెలుస్తుంది.

కోర్సులో అసలు సరుకు ఏంటంటే, పిల్లాడి కోసం విడిగా థెరపీ టైం పెట్టమని మనల్ని సతాయించదు. రోజూ ఎలాగూ చేసే పనులే, స్నానం, బట్టలు, అన్నం, ఆట, వీటిల్లోనే నేర్పించమంటుంది. వాడి ఎత్తుకి కిందకి కూర్చుని ఎదురుగా ఉండండి, వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడండి, వాడు కారు చక్రం తిప్పుతుంటే లాక్కుని సరిగ్గా ఆడు అనకుండా మీరూ ఇంకో చక్రం తిప్పండి. చదవడానికి చాలా మామూలుగా ఉంటుంది కానీ చేసి చూడండి, మనం రోజు మొత్తంలో పిల్లలతో మాట్లాడే మాటల్లో రా, కూర్చో, తిను, వద్దు, ఆపు ఇవి తీసేస్తే మిగిలేది ఎంతో తెలుస్తుంది.

సాక్స్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ కోర్సు ఎలా పనిచేస్తుందో దీంట్లో తెలిసిపోతుంది. ఏ పనైనా చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కే నేర్పమంటారు. సాక్స్ వేసుకోవడం అంటే మనకి ఒక్క పని, పిల్లాడికి మాత్రం సాక్స్ పట్టుకోవడం, దాని నోరు తెరిచి పట్టడం, వేళ్ళు దూర్చడం, మడమ దాటించడం, పైకి లాగడం. వీటిల్లో మొదటిది కాకుండా చివరిది ముందు నేర్పొచ్చు, అంటే మడమ దాటేదాకా మనమే వేసి, ఆ చివరి లాగుడు మాత్రం వాడికి వదిలెయ్యడం. వాడు లాగుతాడు, సాక్స్ ఎక్కేస్తుంది, పని పూర్తి చేసింది వాడే అవుతాడు. అది కుదిరాక మడమ దగ్గర నుంచి వదలడం, తర్వాత వేళ్ళ దగ్గర నుంచి, ఇలా వెనక నుంచి ముందుకి రావడం. మొదటి నుంచి నేర్పితే సగంలో చిరాకొచ్చి విసిరికొట్టే పిల్లాడు ఇలా అయితే ప్రతిసారీ గెలిచి లేస్తాడు. మా వాడు ఇప్పుడు సాక్స్ మడమ దగ్గర ఆపి ఇస్తే ఒక్క లాగుడు లాగి, కాలు నా మొహం ముందు పెట్టి చూపిస్తాడు. ఇంకో మాట కూడా వాళ్ళు గట్టిగా చెప్తారు, సాయం ఎప్పుడూ తక్కువ నుంచి మొదలవ్వాలి అని, ముందు కాస్త ఆగి చూడాలి, తర్వాత మాటతో చెప్పాలి, తర్వాత చూపించాలి, చెయ్యి పట్టి చేయించడం ఆఖర్న. మనకి టైం లేక ఆఖరిది ముందు చేసేస్తాం.

మాటల విషయంలో కూడా ఇదే పద్ధతి. మూత బిగించిన డబ్బాలో వాడికిష్టమైన బొమ్మ పెట్టి కనపడేలా ఉంచి మనం ఆగాలి, నోరు మూసుకుని ఆగాలి, అది చాలా కష్టం అండీ, వెంటనే మూత తీసెయ్యాలనిపిస్తుంది. వాడు మన వైపు చూసినా, డబ్బా మన చేతిలో పెట్టినా, ఏదో శబ్దం చేసినా అది మాట కిందే లెక్క, అప్పుడు మనం తియ్యి అని ఒక్క మాట చెప్పి తీసివ్వాలి. పిల్లలు ఎన్ని పదాలతో మాట్లాడతారో మనం దానికి ఒక్క పదం మాత్రమే ఎక్కువ కలిపి మాట్లాడాలట, అసలు మాట లేకపోతే ఒక్క పదం, ఒక్క పదం ఉంటే రెండు. దీనికంటే తేలిగ్గా గుర్తుండే సలహా నాకు ఎక్కడా దొరకలేదు.

మొండితనం, పేచీల మీద ఉన్న భాగం ఇంట్లో అందరూ చూడాల్సింది. ఏడుపు వచ్చాక ఏం చెయ్యాలనే దానికంటే ఏడుపుకి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దొరికింది అని రాసుకోమంటారు. ఏదో కావాలా, ఏదో తప్పించుకోవాలా, మన దృష్టి కావాలా, లేదా ఆ శబ్దమో వెలుతురో భరించలేకపోతున్నాడా. కారణం తెలిస్తే సగం పేచీలు రాకముందే ఆపొచ్చు, టీవీ కట్టేసే ముందు బొమ్మ చూపించి ఇది అయ్యాక అది అని చెప్పడం లాంటివి. గారాబం ఎక్కువై ఇలా తయారయ్యాడు అనే చుట్టాలకి ఈ భాగం చూపించాలని నాకు చాలా ఉంటుంది. ఇంకోటి, పెంచేవాళ్ళ ఆరోగ్యం గురించి, ఒత్తిడి గురించి కూడా కోర్సులోనే పెట్టారు, ఎక్కడో చివర్లో మీరు కూడా జాగ్రత్త అని ఒక లైను రాసి వదిలెయ్యలేదు. అలిసిపోయిన అమ్మకి చెప్పిందేదీ ఎక్కదు, అది వాళ్ళకి తెలిసే పెట్టారు.

ఇక లోపాలు. గ్రూపులో అయితే ఇంటికి వచ్చి చూసి చెప్తారు, ఆన్‌లైన్‌లో ఆ మనిషి లేడు, మనం చేసేది సరిగ్గా ఉందో లేదో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇది చాలా పెద్ద లోటు, దీన్ని కొంత పూడ్చాలంటే ఇంట్లో ఇంకొకరిని మనం ఆడేది ఫోన్‌లో వీడియో తియ్యమని తర్వాత కలిసి చూసుకోవాలి, లేదా అదే కోర్సు చేస్తున్న ఇంకో పేరెంట్‌తో జత కట్టాలి. రెండోది, ఉదాహరణలు ఎక్కువగా నడిచే, పట్టుకోగలిగే పిల్లల చుట్టూనే తిరుగుతాయి. మెడ నిలవని పిల్లని ఎలా కూర్చోబెట్టాలి, చూపు లేని పిల్లాడికి బొమ్మ చూపించమంటే ఏం చూపించాలి, ఇవి దీంట్లో దొరకవు. 9 ఏళ్ళు దాటాక వచ్చే సమస్యలు, ఆడపిల్లల నెలసరి, పెద్దవుతున్న మగపిల్లలు, ఇవి అసలే లేవు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఇంటికి అందుకే ఇంకోటి చెప్తాను, గెటింగ్ టు నో సెరిబ్రల్ పాల్సీ అనే ట్రైనింగ్ మాన్యువల్. దక్షిణాఫ్రికాలో హంబిసెలా పేరుతో మొదలైన మెటీరియల్‌ని ఆధారం చేసుకుని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్ళు బంగ్లాదేశ్‌లో పేరెంట్స్‌తో కలిసి తయారుచేశారు, ఇదీ ఉచితమే. ఎత్తుకోవడం, కూర్చోబెట్టడం, తినిపించడం మీద ఉన్న భాగాలు బంగారం. తినిపించేటప్పుడు పిల్లని పడుకోబెట్టి తల వెనక్కి వాల్చి నోట్లో పోస్తుంటాం, దిగుతుంది కదా అని, అలా చేస్తే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. వీపు నిటారుగా, తల కాస్త ముందుకి, గడ్డం కొంచెం కిందకి ఉండేలా కూర్చోబెట్టి, స్పూన్ ఎదురుగా తెచ్చి, మింగిందాకా ఆగి తర్వాతి ముద్ద పెట్టాలి. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర, మాటిమాటికీ ఛాతీ ఇన్ఫెక్షన్ ఉంటే ఏ పుస్తకాన్నీ నమ్ముకుని కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆరోగ్య పుస్తకాలు వేసే హెస్పీరియన్ అనే సంస్థ వాళ్ళ డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్ కూడా ఇంట్లో ఉండాల్సిన పుస్తకం, 1987లో వచ్చింది, 600 పేజీలకు పైనే, పేజీ పేజీకీ గీసిన బొమ్మలు, మెక్సికోలో పల్లెల్లో వైకల్యం ఉన్నవాళ్ళే నడిపిన పునరావాస కేంద్రం అనుభవంలోంచి పుట్టింది. చెక్కతో, అట్టముక్కలతో కూర్చునే కుర్చీ ఎలా చేసుకోవాలో కొలతలతో సహా ఉంటుంది. పాతది కాబట్టి కొన్ని పదాలు ఇప్పుడు వింటే మనసు చివుక్కుమంటుంది, పోలియో మీద పేజీలు చాలా ఎక్కువ, అవి దాటేసి మన పిల్లకి కావాల్సిన అధ్యాయం దగ్గరికి వెళ్ళిపోవాలి. మందుల సంగతులు మాత్రం దీంట్లో చూసి ఏదీ చెయ్యకండి, ఆ రోజులకీ ఇప్పటికీ చాలా మారింది. చూపు లేని పిల్లల కోసం, వినపడని పిల్లల కోసం వీళ్ళవే విడి పుస్తకాలు కూడా ఉన్నాయి.

చూపు విషయంలో అమెరికాలోని పెర్కిన్స్ స్కూల్ ఫర్ ది బ్లైండ్ వాళ్ళది వేరే లెవెల్. 1829లో మొదలైన సంస్థ, హెలెన్ కెల్లర్ చదువుకున్నది అక్కడే. వాళ్ళు కూడా కలిసి మొదలుపెట్టిన పాత్స్ టు లిటరసీ సైట్‌లో చూపు లేని పిల్లలకి, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలకి చదువు ఎలా మొదలుపెట్టాలో బోలెడు ఐడియాలు ఉన్నాయి. వాళ్ళ దగ్గర నుంచి నేర్చుకుని నేను మా వాడి విషయంలో కూడా వాడేది చెయ్యి కింద చెయ్యి పద్ధతి. మనం మామూలుగా పిల్లాడి చెయ్యి మీద మన చెయ్యి వేసి గట్టిగా పట్టి చేయిస్తాం కదా, అలా కాకుండా మన చెయ్యి కింద ఉంచి వాడి చెయ్యి మన చేతి మీద ఆనించుకోవాలి. మన వేళ్ళు ఏం చేస్తున్నాయో వాడికి తెలుస్తుంది, ఇష్టం లేకపోతే చెయ్యి తీసేసుకునే స్వేచ్ఛ వాడికే ఉంటుంది. చేతులు ముట్టుకుంటేనే గింజుకునే పిల్లాడు దీంతో ఎంత నెమ్మదిస్తాడో చూస్తే మీకే తెలుస్తుంది.

బొమ్మల కార్డులు కావాలంటే అరసాక్, స్పెయిన్‌లో అరగాన్ ప్రభుత్వం నడిపేది, పదివేలకు పైగా బొమ్మలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, చర్మం రంగు జుట్టు రంగు మన పిల్లలకి తగ్గట్టు మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు మాత్రం. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో నొక్కితే మాట పలకాలంటే సీబోర్డ్ ఉంది, ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. బొమ్మలు అలవాటైతే ఇక నోరు విప్పడేమో అని భయపడే పేరెంట్స్ చాలామంది ఉన్నారు, ఈ విషయం మీద చేసిన పరిశోధనల్లో బొమ్మల వల్ల మాట తగ్గినట్టు కనపడలేదు, చాలామందికి కొంత పెరిగింది కూడా. కాబట్టి ఆ భయంతో పిల్లాడి చేతిలోంచి ఉన్న ఒక్క దారీ లాక్కోకండి దయచేసి.

ఇంకా అనుమానం దశలోనే ఉన్నవాళ్ళు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ మైల్‌స్టోన్ ట్రాకర్ యాప్‌తో మొదలుపెట్టొచ్చు, ఏ వయసుకి పిల్లలకి ఏం రావాలో చూపిస్తుంది, 2 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా. 2022లో దీన్ని మార్చి, సగం మంది పిల్లలు చేసేవి కాకుండా 75 శాతం మంది చేసేవే పెట్టారు, అందుకే ఇప్పుడు లిస్టులో ఒకటి రాకపోతే ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అనుకోకూడదు, డాక్టర్‌ని అడగాలి.

డబ్బు కట్టే కోర్సుల గురించి ఒక్క మాట. పేరు చెప్పను కానీ ఇన్ని రోజుల్లో మాటలు వచ్చేస్తాయి, పిల్లాడు నార్మల్ అయిపోతాడు అని మాటిచ్చే దానికి నేను కట్టాను, లోపల ఉన్నది పైన చెప్పిన ఉచిత మెటీరియల్‌లో పావు వంతు కూడా లేదు, పైగా ఫలితం రాకపోతే అమ్మ సరిగ్గా చెయ్యలేదు అంటారు. గడువు పెట్టి నయం చేస్తామన్న చోట ఆగకండి.

డబ్ల్యూహెచ్‌ఓ కోర్సుకి నా రేటింగ్ 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ ఇంటికొచ్చి చూసే మనిషి లేనందుకు. చూసే పద్ధతి కూడా చెప్తాను, అన్ని సెషన్లూ ఒక్క వారాంతంలో చూసెయ్యకండి, తల నిండిపోయి ఒక్కటీ చెయ్యరు. ఒక సెషన్ చూసి, దాంట్లో ఒక్క పని ఎంచుకుని, రోజులో ఒకే సమయంలో కొన్నాళ్ళు చేసి, అప్పుడు రెండోది తెరవండి. పిల్లాడితో ఎక్కువసేపు ఉండేది నానమ్మో అమ్మమ్మో అయితే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఆపి ఆపి చెప్తూ చూడండి. మా ఇంట్లో డబ్బా మూత ఆట మా అత్తయ్యగారికే బాగా కుదిరింది, ఆగడంలో ఆవిడకున్న ఓపిక నాకు లేదు.