కాలు కింద పెట్టనివ్వని ఆట: యార్క్‌షైర్ క్లబ్ ట్రయల్స్‌లో నాలుగేళ్లు

ఎవరినైనా గారాబంగా పెంచారని చెప్పాలంటే మా వైపు "కాలు కింద పెట్టనివ్వలేదు" అంటారు. నాలుగేళ్లుగా ఆదివారాలు నేను ఇంగ్లండ్ బురదలో పడి లేస్తూ ఆడుతున్న ఆటకీ నియమం అదే. గారాబం మాత్రం లేదు. బండి మీద నిలబడి బండరాళ్ల మీదుగా, వాగులోంచి, చెట్ల వేళ్ల మీదుగా పోవాలి. కాలు ఆనించిన ప్రతిసారీ మార్కు పడుతుంది. ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్లే గెలిచినట్టు. పేరు మోటార్‌సైకిల్ ట్రయల్స్. వేగంతో పని లేదు, మనిషి నడిచేంత వేగం చాలు. ఈ మాట మా అమ్మకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా "ఇంకా ఆ రేసులేనా నాయనా" అనే అంటుంది.

నేను లీడ్స్ దగ్గర ఉంటాను, ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పని. తోటి ఉద్యోగి ఒకాయన ఓ ఆదివారం చూడ్డానికి రమ్మని తీసుకెళ్లాడు. ఈ ప్రాంతంలో ఇది కొత్త సరదా కాదు. 12 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన డగీ లాంప్‌కిన్‌ది ఇక్కడికి దగ్గర్లోని సిల్స్‌డెన్ ఊరు. వాళ్ల నాన్న మార్టిన్ 1975లో ట్రయల్స్‌లో మొట్టమొదటి ప్రపంచ టైటిల్ గెలిచాడు. డగీ 2016లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టీటీ బైకు రేసు జరిగే రోడ్డంతా, అంటే 37 మైళ్లకు పైగా, ముందు చక్రం గాల్లో ఉంచి వెనక చక్రం మీదే చుట్టి వచ్చాడు. అందుకే ఇక్కడ గొర్రెలు కాసుకునే రైతుకి కూడా ట్రయల్స్ అంటే ఏమిటో తెలుసు, ఏడాదికోసారి తన గుట్టని క్లబ్బుకి ఇస్తాడు.

నాకు మొదట్లో కాస్త పొగరు ఉండేది. మాచర్ల దగ్గర నాపరాళ్ల మధ్య పెరిగినవాణ్ని. చెప్పులు బురదవకుండా పొలం గట్ల మీద నాన్న సీడీ 100 బైకు నడిపినవాణ్ని. రాళ్లూ బురదా నాకు కొత్తా అనుకున్నాను. మొదటి రోజు నా స్కోరు 143. గరిష్ఠం 200 అయితే 143. అదీ అన్నిటికంటే సులువైన రూటులో! పదేళ్ల పిల్లలు చిన్న ఎలక్ట్రిక్ బళ్ల మీద నవ్వుకుంటూ పోయిన చోట నేను మూడుసార్లు పడ్డాను.

లెక్క చెప్తాను. మా క్లబ్బులో మామూలుగా 10 సెక్షన్లు, 4 రౌండ్లు, అంటే 40 ప్రయత్నాలు. సెక్షన్ అంటే రెండు మూడు కార్ల పొడవో, అంతకంటే ఎక్కువో ఉండే అడ్డంకుల దారి. కుడివైపు ఎర్ర గుర్తులు, ఎడమవైపు నీలం గుర్తులు, వాటి మధ్యలోంచే పోవాలి. ఒకసారి కాలు ఆనితే 1, రెండుసార్లు ఆనితే 2, అంతకంటే ఎన్నిసార్లు ఆనినా 3. పడిపోయినా, హద్దు దాటినా, వెనక్కి జారినా 5. అసలు కాలే పెట్టకపోతే సున్నా, దాన్ని క్లీన్ అంటారు. మధ్యలో ఆగడం గురించి క్లబ్బుకో నిబంధన ఉంటుంది: కొన్నిచోట్ల ఆగితే 5, కొన్నిచోట్ల కాలు పెట్టనంత వరకు ఎంతసేపు ఆగినా ఏమీ అనరు. పొద్దున్నే అడిగి తెలుసుకోవడం మంచిది. నేను అడక్కుండా ఒకసారి పది మార్కులు అదనంగా వేయించుకున్నాను.

ఇందులో మొదట అర్థంకాని సంగతి ఒకటుంది, 3 అంటే చవక. బండి ఆగిపోయేలా ఉంటే రెండు కాళ్లతో తోసుకుంటూ ఎలాగోలా బయటపడితే మూడే. పరువు కోసం కాళ్లు పైనే ఉంచి పడిపోతే ఐదు. నేను మొదటి ఏడాదంతా పరువు వైపే ఉన్నాను.

ఇప్పటికీ నా ప్రాణం తీసే సెక్షన్ ఒకటుంది, వాగులోది. మొదలుపెట్టగానే గట్టు మీద బురదలో ఎడమకి బాగా మడవాలి. అక్కణ్నుంచి ముందు చక్రం నీళ్లలోకి దిగుతుంది. మోకాలి లోతు కూడా ఉండదు గానీ అడుగున రాళ్లన్నీ పాచి పట్టి సబ్బు బిళ్లల్లా ఉంటాయి. ఆరడుగుల తర్వాత అడ్డంగా ఒక ఇసుకరాయి, మోకాలెత్తు. దాని మీదికి బండి ఎక్కాలంటే ఒక్క వేలితో క్లచ్ పట్టి, కాస్త రేజ్ ఇచ్చి, ముందు చక్రం రాయి అంచుకి తగిలే క్షణంలో మోకాళ్లు వంచి శరీరాన్ని పైకి లేపాలి. రేజ్ ఎక్కువైతే వెనక చక్రం గిర్రున తిరిగి మనం అక్కడే. తక్కువైతే ఇంజిన్ గార్డు రాయికి కొట్టుకుని "ఠంగ్" మంటుంది, ఆ చప్పుడు వాగంతా వినబడుతుంది. అది దాటినా అయిపోలేదు, బయటికెక్కే చోట ఓ చెట్టు వేరు ఏటవాలుగా, తడిసి నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని సూటిగా దాటాలి, వాలుగా తాకితే చక్రం పక్కకి పోతుంది. గట్టు మీద గొడుగు కింద కూచుని మార్కులు వేసే పెద్దాయన "ఫీట్ అప్, లాడ్!" (కాళ్లు పైకి, అబ్బాయ్!) అని అరుస్తుంటాడు. ముందు చక్రం ఇరుసు చివరి గుర్తు దాటాక ఆయన పిడికిలి ఎత్తితే క్లీన్, అయిదు వేళ్లు ఎత్తితే మన బతుకు అంతే. నాలుగేళ్లలో ఆ సెక్షన్ నాకు క్లీన్ అయింది రెండేసార్లు.

బండి సంగతి. సెకండ్ హ్యాండ్‌లో 2,800 పౌండ్లు పెట్టి 250 సీసీ టూ స్ట్రోక్ కొన్నాను. అది తొందరపాటు. కొత్తవాళ్లకి 125 ఇంకా మేలనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, పెద్ద ఇంజిన్ మెల్లగా మెత్తగా లాగుతుంది. తొందరపాటు అన్నది ఇంజిన్ విషయంలో కాదు. అమ్మినాయన బండిని అద్దంలా కడిగి చూపించాడు, నేను వెనక సస్పెన్షన్ లింకేజీ విప్పించి చూడలేదు. నెల తిరక్కముందే ఆ బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయని తెలిసింది. కొనేటప్పుడు వెనక చక్రం పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి, కటకటమంటే ధర తగ్గించమనండి. ఈ బళ్లకి సీటు ఉండదు, బరువు 70 కిలోల అటూ ఇటూ, ట్యాంకులో పట్టేది రెండు మూడు లీటర్లు. 5 లీటర్ల పెట్రోలుకి నేను 70 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతాను.

మన ఊరి మెకానిక్‌ని నోరెళ్లబెట్టేలా చేసేది టైరు గాలి. ఇంటి దగ్గర బైకుకి 28, 30 పెట్టించుకుంటాం కదా. ఇక్కడ వెనక టైరుకి 4 నుంచి 5 పీఎస్ఐ, ముందు ఓ అర ఎక్కువ. బొటనవేలితో నొక్కితే లొట్టపడుతుంది. ఆ మెత్తటి టైరే రాయిని పిల్లి పంజాలా పట్టుకుంటుంది. పెట్రోలు బంకు గేజి ఆ అంకెలు చూపలేదు, తక్కువ పీడనం కొలిచే గేజి విడిగా కొనుక్కోవాలి. నా నాలుగేళ్ల ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటైంది ఆ చిన్న గేజే.

మిగతా ఖర్చులు పెద్దవి కావు. పోటీ రోజు ఫీజు మాకు 20 పౌండ్లు. ఇక్కడి బైకు పోటీల్ని నడిపే సంస్థ ఆటో సైకిల్ యూనియన్‌లో రైడరుగా నమోదై ఉండాలి. హెల్మెట్, మందపాటి బూట్లు, మణికట్టుకి కట్టుకునే తాడు తప్పనిసరి, మనం పడితే ఆ తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. రోడ్డు మీదికి వెళ్లని పోటీలో డ్రైవింగ్ లైసెన్సు అడగరు.

ఇక నచ్చనివి. జనవరిలో పదిన్నరకి మొదలుపెట్టి మూడింటి దాకా తడి గ్లవుజులతో ఉండటం సరదా ఏం కాదు. రెండో రౌండులో సెక్షన్ దగ్గర పాతికమంది క్యూ కడితే వేడెక్కిన ఒళ్లు చల్లబడి బిగుసుకుపోతుంది. రోజంతా నిలబడే నడపడంతో మర్నాడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సిందే, మా విభాగంలో అందరికీ అలవాటైపోయింది, "నిన్న ట్రయలా?" అనే అడుగుతారు. బండి కడగడానికి ఒక గంట, గొలుసుకి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ఉతకడం, ఆదివారం సాయంత్రం పోయినట్టే. ఇంట్లో దీని గురించి ఒప్పందం ఉంది, వివరాలు చెప్పను.

మరో ఇబ్బంది, మొదటి రెండు మూడు నెలలు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా రంగు వల్లనేమో అనుకుని మనసు చివుక్కుమంది. తర్వాత గమనించాను, వాళ్లలో వాళ్లూ అంతే. మూడోసారి నా బండి గొలుసు తెగినప్పుడు అప్పటిదాకా తలైనా ఊపని ఒకాయన వ్యాన్ లోంచి లింకు తెచ్చి, మోకాళ్ల మీద బురదలో కూచుని బిగించి, డబ్బులివ్వబోతే చేత్తో వద్దని వెళ్లిపోయాడు. అప్పుడు కూడా మాట్లాడలేదు.

ఈ ఆటకి అసలు కొరత రైడర్లది కాదు, అబ్జర్వర్లది. ప్రతి సెక్షన్ దగ్గరా ఒక మనిషి రోజంతా కూచుని మార్కులు రాయాలి. జీతం లేదు, మధ్యాహ్నానికి ఓ శాండ్‌విచ్. ఆ గొడుగు పెద్దాయనకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఆయన మార్కులు రాసే అట్ట నా చేతికిచ్చారు. కోపమొచ్చింది, ఫీజు కట్టి ఆడుకుందామని వచ్చినవాణ్ని. కానీ ఆ రోజు ఒకే రాయి మీదికి అరవై మంది, తలా నాలుగుసార్లు ఎక్కడం చూశాను. బాగా నడిపేవాళ్లు రాయిని చూడరు, రాయి దాటాక వచ్చే వేరుని చూస్తారు. నాలాంటివాళ్లు రాయినే చూస్తూ రాయి దగ్గరే ఆగిపోతారు. డెబ్బై దాటిన ఒకాయన పాత స్పెయిన్ బండి బుల్టాకో మీద వచ్చి, రేజ్ ఇచ్చినట్టు చప్పుడు కూడా లేకుండా పైకెక్కి వెళ్లిపోయాడు. తర్వాతి నెల నా స్కోరు 71 నుంచి 52కి దిగింది. ఎవరైనా మొదలుపెట్టదలిస్తే బండి కొనే ముందు ఓ రోజు అబ్జర్వరుగా కూచోమంటాను, క్లబ్బు కార్యదర్శి ఎగిరి గంతేస్తారు.

ఇప్పుడు మూడు ట్రయల్స్ ఆడితే నాలుగోదానికి అట్ట పట్టుకుంటున్నాను. వచ్చే ఆదివారం నా వంతు, సెక్షన్ 7, అదే వాగు. గమ్‌బూట్లలో ఎడమదానికి చిల్లు పడింది, శనివారంలోగా కొత్తవి చూడాలి.