లెట్రోజోల్ మూడు సైకిల్స్ వాడాక నా రివ్యూ (పీసీఓఎస్ వాళ్ళ కోసం)

నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల గుడ్డు నెలనెలా సరిగ్గా విడుదల కాని సమస్య) అని పెళ్ళికి ముందే తెలుసు, పీరియడ్స్ రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకి వచ్చేవి. పెళ్ళయి రెండేళ్ళు దాటింది, ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "ఏమ్మా, ఏమైనా విశేషమా" అని ఒకటే గోల. మొదట చూపించుకున్న డాక్టర్ గుడ్డు విడుదల కావడానికి ఇచ్చే పాత మాత్ర క్లోమిఫిన్ రాసి పంపేశారు, స్కాన్ లేదు పాడు లేదు, నాలుగు నెలలు మింగాను, అసలు గుడ్డు వస్తోందో లేదో కూడా తెలీదు.

రెండో డాక్టర్ లెట్రోజోల్ 2.5 ఎంజీ రాశారు, పీరియడ్ వచ్చిన మూడో రోజు నుంచి ఐదు రోజులు, రోజుకొకటి. మందుల షాపులో అబ్బాయి చీటీ చూసి "ఎవరికండీ, ఇది బ్రెస్ట్ క్యాన్సర్ మాత్ర కదా" అన్నాడు, అందరూ వింటుండగా! ఇంటికొచ్చి లోపలి కాగితం చదివితే అదే ఉంది, ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు, ఇది ఈస్ట్రోజెన్‌ని కొన్ని రోజులు తగ్గిస్తుంది, అప్పుడు మెదడు నుంచి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువ వచ్చి గుడ్డు పెరుగుతుంది, అంతే అని. మన దేశంలో 2011లో సంతానం కోసం దీన్ని వాడకూడదని బ్యాన్ పెట్టి 2017లో ఎత్తేశారు, ఇప్పుడు పీసీఓఎస్‌కి ముందుగా ఇచ్చేదే ఇది. 2014లో అమెరికాలో 750 మంది మీద ట్రయల్ వచ్చింది, ఐదు సైకిల్స్ దాకా ఇస్తే లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫిన్‌తో 19.1. అంటే నూటికి డెబ్బై చిల్లర మందికి పుట్టలేదనే కదా, మొదటి నెలే అయిపోతుందని ఆశ పెట్టుకోకండి.

నాకు మొదటి నెల గుడ్డుండే తిత్తి (ఫాలికిల్) 14 ఎంఎం దగ్గర ఆగిపోయింది. రెండో నెల డోసు 5కి పెంచారు, 19కి వచ్చింది, గుడ్డు విడుదల కావడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్ చేశారు, రప్చర్ కూడా అయింది, అంటే తిత్తి పగిలి గుడ్డు బయటికొచ్చింది, అయినా పీరియడ్ వచ్చేసింది, బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మూడో నెల రెండు గీతలు. ఇప్పుడు ఐదో నెల.

తలనొప్పి, ఒంట్లోంచి వేడి ఆవిర్లు, ఇవి ఆ ఐదు రోజులూ ఉన్నాయి. దీనికంటే జతగా ఇచ్చిన మెట్‌ఫార్మినే (షుగర్ మాత్రే, పీసీఓఎస్‌కి కూడా ఇస్తారు) చంపేసింది, ఒకసారి ఖాళీ కడుపున వేసుకుని బస్సెక్కి మధ్యలో దిగిపోయాను బాబోయ్, ఎస్ఆర్ (మెల్లగా కరిగే) మాత్రకి మార్చి అన్నం తిన్నాక వేసుకుంటే సర్దుకుంది. మా అత్తయ్య ఆ స్ట్రిప్ చూసి "నీకు షుగరా" అని వారం రోజులు నా కాఫీలో పంచదార ఆపేశారు.

మాత్రలకయ్యే ఖర్చు పెద్దగా లేదు, డబ్బంతా స్కాన్లకే. తొమ్మిదో రోజు, పదకొండో రోజు, పదమూడో రోజు, ఎనిమిదింటికి వెళ్తే పన్నెండయ్యేది, ఆఫీసులో ఎన్ని అబద్ధాలు చెప్పానో. అందుకే నాలుగు స్టార్లు. ఇంకో అర స్టార్ కూడా తగ్గించాలి కానీ అది మందుకి కాదు మా ఆయనకి, మాత్రలు మొదలుపెట్టే ముందు ఆయన వీర్యం టెస్ట్ కూడా కావాలన్నారు డాక్టర్, పది నిమిషాల పనికి రెండు నెలలు నాన్చాడు మహానుభావుడు.