నోటి బయాప్సీ: పంచ్‌తో తీస్తే ఎలా, కోసి కుట్లు వేస్తే ఎలా?

నోట్లో పుండో తెల్లమచ్చో ఎంతకీ తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ముక్క ఎలా తీశారన్న దాన్ని బట్టి తర్వాతి వారం, పది రోజుల ఇబ్బంది మారుతుంది.

పంచ్ అంటే గుండ్రటి చిన్న బ్లేడు, సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పు. గాయం చిన్నదే కాబట్టి చాలాసార్లు కుట్టు వేయరు. కొన్ని రోజుల్లో ఆ గుంట మీద తెల్లగానో పసుపుగానో పొర కడుతుంది. అద్దంలో చూసుకుని చీము పట్టిందని టెన్షన్ పడతారు. నిజానికి అది గాయం మానేటప్పుడు వచ్చే ఫైబ్రిన్ పొర. గీకకండి. కారం తగిలితే మాత్రం భగ్గుమంటుంది.

కత్తితో కోసినప్పుడు అంచులు కలిపి కుడతారు. గాయం మూసుకుని ఉంటుంది, రక్తమూ త్వరగా ఆగుతుంది. బదులుగా లాగుతున్నట్టు ఉండటం, కాస్త వాపు, దారం కొసలు నాలుకకు గుచ్చుకోవడం. నాలుక ఊరికే అక్కడికే పోతుంది! కరిగే దారమైతే తీయించుకునే పని లేదు.

నన్నడిగితే పద్ధతి కంటే చోటే ముఖ్యం. అంగిలి మీద పొర ఎముకకు అతుక్కుని ఉంటుంది, అంచులు దగ్గరకు లాగడం కష్టం. అక్కడ గాయాన్ని తెరిచే వదిలేయడం మామూలే. ఎప్పుడూ కదిలే నాలుకకైతే కుట్లే నయం. లోతైన గడ్డకు పంచ్ అందదు.

ఎలా తీసినా, మత్తు దిగాక మొదటి రోజు, రెండో రోజే నొప్పి ఎక్కువ. రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డతో 15 నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. అయినా ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.